బొండాం పదకొండో రోజు

1999 జూన్ 14, సోమవారం, ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు సింగపూర్ బుకిట్ బటోక్‌లోని మా ఫ్లాట్‌లో ఫోను మోగింది. ఆ ఫోను నేను ఎత్తకపోయి ఉంటే ఒక కంపెనీ పరువు దక్కేది, కొన్ని వేల బొమ్మలు పెట్టెల్లోంచి బయటికొచ్చేవి, నసీమ్ అనే అమ్మాయి ఈ ఊళ్ళోనే ఉండేది. పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. అయినా వెళ్ళి ఎత్తాను. పప్పు మాడింది. తర్వాత జరిగిన నష్టాల వరసలో అది మొదటిది, అన్నిటికన్నా చిన్నది.

ముందు నా సంగతి చెప్పాలి. నాకిప్పుడు డెబ్భై తొమ్మిదేళ్ళు, అప్పుడు యాభై మూడు. ఇక్కడి బడిలో ఇరవై రెండేళ్ళు లెక్కలు చెప్పాను. నా దగ్గర చదువుకున్న పిల్లలు ఇప్పటికీ నన్ను దారిలో చూస్తే చొక్కా గుండీలు సరిచూసుకుంటారు. ఏ పని చేసినా తేదీ, టైము రాసుకోవడం నా అలవాటు. మావారు దీన్ని జబ్బు అనేవారు. ఆయన 1999 ఫిబ్రవరి 9, మంగళవారం పోయారు. ఆ ఫోను వచ్చింది నూట ఇరవై ఐదో రోజున. అంటే నేను రోజులు లెక్కపెట్టడం తప్ప మరో పని లేకుండా ఉన్నానని మీకు అర్థమై ఉంటుంది.

ఫోనులో అవతలి గొంతు ఆడపిల్లది. హైదరాబాదు గొంతు.

"నమస్తే ఆంటీ, నా పేరు నసీమ్. మీరు సండే క్లాసుల పిల్లలకు తెలుగు చెప్తారంట గద. మాకు ఒక బొమ్మకు మాటలు రాయాలె."

"బొమ్మకి మాటలెందుకమ్మా?"

"అమ్ముడుపోవాలె గద ఆంటీ."

ఇంత నిజాయితీగా వ్యాపారం మాట్లాడినవాళ్ళని అంతకుముందు నేను చూడలేదు. మర్నాడే తంజోంగ్ పగార్‌లో వాళ్ళ ఆఫీసుకి వెళ్ళాను.

అక్కడ తెలిసిన వైనం ఇది. జపాన్‌లో ఒక బొమ్మల కంపెనీ ఉంది. బొమ్మలు అమ్మడానికి వాళ్ళే ఒక కార్టూన్ తీయించారు. పిల్లలు ఆదివారం కార్టూన్ చూస్తారు, సోమవారం బొమ్మ కావాలని ఏడుస్తారు, మంగళవారం తండ్రి కొంటాడు. ఈ ఏడుపుని ఒక్కో దేశానికి ఒక్కో భాషలో ఎగుమతి చేయడం తంజోంగ్ పగార్ ఆఫీసు పని. ఆఫీసు యజమాని మిస్టర్ టాన్. ఆ రోజుల్లో సింగపూర్‌లో ఏ లిఫ్ట్ ఎక్కినా మెడలో కార్డులు వేలాడేసుకున్న మన కంప్యూటర్ కుర్రాళ్ళే. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ తలకిందులవుతాయని లోకమంతా భయపడుతోంది, ఆ భయం మీద మనవాళ్ళ జీతాలు పెరుగుతున్నాయి. మిస్టర్ టాన్ లిఫ్ట్‌లో నిలబడి వాళ్ళ మాటలు విని, అదేం భాషని కనుక్కుని, ఈ తండ్రుల పిల్లలకి బొమ్మలు అమ్మాలని నిశ్చయించుకున్నాడు. ఆంధ్రాలో ఒక ఛానల్ వాళ్ళు ఆదివారం ఉదయం అరగంట ఇస్తామన్నారు. ఇక కావలసింది తెలుగు.

బొమ్మని నా ముందు పెట్టారు. ఆకుపచ్చ తల, గుండ్రటి పొట్ట, పొట్టి కాళ్ళు, జేనెడు మరమనిషి. జపాన్ పేరు పలకడానికి నాకు మూడుసార్లు ఊపిరి పీల్చుకోవలసి వచ్చింది. నసీమ్ అప్పటికే దానికి పేరు పెట్టేసింది: బొండాం. చూస్తే నిజంగానే మూతి చెక్కిన కొబ్బరిబొండాంలా ఉంది. పొట్ట నొక్కితే నసీమ్ గొంతుతో "నేనున్నాగా" అంటుంది.

కార్టూన్‌లో బొండాం గొంతు కూడా నసీమ్‌దే. నేను రాసినదాన్ని సరిచూసేదీ, మిగతా గొంతులవాళ్ళని పిలిచేదీ, టేపు మీద సంతకం పెట్టి పంపేదీ తనే. ఒకే జీతానికి నలుగురి పని. ఎందుకంత కష్టపడుతోందో మొదటి వారంలోనే తెలిసింది. మైకు పక్కన ఒక ఫొటో అంటించి ఉండేది. ముందు పళ్ళు రెండు ఊడిన ఆరేళ్ళ పిల్ల. పేరు ఆయేషా. నసీమ్ భర్తతో విడిపోయింది, పిల్ల మెహదీపట్నంలో అమ్మమ్మ దగ్గర పెరుగుతోంది. నసీమ్ వర్క్ పర్మిట్ జనవరి 31తో అయిపోతుంది. తెలుగు బొండాం నిలబడితే ఉద్యోగం ఖాయం చేసి, జీతం పెంచుతానని మిస్టర్ టాన్ మాటిచ్చాడు. పెరిగిన జీతం మీదైతేనే పిల్లని ఇక్కడికి తెచ్చుకోవడానికి అనుమతి వస్తుంది.

"ఇంకొక ఏడు నెలలు ఆంటీ. కొత్త పళ్ళు వచ్చేసరికి వచ్చేస్తది" అంది నసీమ్.

పని నాకు అద్భుతంగా కుదిరింది. తెర మీద నోరు ఎన్నిసార్లు తెరుచుకుంటే అన్ని అక్షరాలే రాయాలి. తొమ్మిదిసార్లు తెరుచుకుంటే తొమ్మిది. సాహిత్యంలో ఇంత న్యాయమైన పద్ధతి ఉందని నాకు తెలియదు. కళ్ళద్దాలు పెట్టుకుని, చేతిలో స్టాప్‌వాచీ పట్టుకుని, కార్టూన్ కప్ప నోరు ఎన్నిసార్లు తెరిచిందో లెక్కపెడుతూ కూర్చునేదాన్ని. మా అమ్మాయి సుజాత ఆఫీసు నుంచి వచ్చి చూసి, అమ్మకి మతి చలించిందేమోనని అల్లుడితో మెల్లగా అనడం నా చెవిన పడింది. మతి చలించలేదు. నాలుగు నెలల తర్వాత మొదటిసారి కాస్త కుదుటపడింది.

దీనికి తోడు జపాన్ నుంచి వచ్చిన కాగితం ఒకటి ఉండేది. తొమ్మిది నిబంధనలు. బొండాం ప్రతి భాగంలోనూ మూడుసార్లయినా ఎదురుగా కనిపించాలి, పొట్ట నొక్కిన ప్రతిసారీ మాట వినిపించాలి, బొండాంని ఎవరూ బొమ్మ అనకూడదు, ఇలాంటివి. ఏడో నిబంధన ఇది: బొండాం తిరిగి రాడని ఎవరూ అనకూడదు. నేనా కాగితాన్ని లామినేట్ చేయించి ఆఫీసులో నా బల్ల ఎదుటి గోడకి తగిలించుకున్నాను. ఈ మాట గుర్తుంచుకోండి. నాకు తెలియక చేశానని చెప్పుకునే అవకాశం నాకు నేనే లేకుండా చేసుకున్నాను.

ఆగస్టు 1న మొదటి భాగం వచ్చింది. అక్టోబరు కల్లా విజయవాడలో, హైదరాబాదులో దుకాణాల్లో బొండాం దొరకడం లేదని ఫాక్సులు. మిస్టర్ టాన్ నన్ను చూసినప్పుడల్లా "ఆంటీ, వెరీ గుడ్ లా" అనేవాడు. ఇక్కడివాళ్ళు ఏ మాటకైనా చివర ఒక 'లా' తగిలిస్తారు, దానికి అర్థం వెతక్కూడదు. నసీమ్ మేకప్ డబ్బా అంత టిఫిన్ డబ్బాలో ఖుబానీ కా మీఠా తెచ్చి పెట్టింది. మా సుజాత కూతురు శ్రావ్య, ఐదేళ్ళది, చంకలో బొండాంతోనే తినేది, స్నానానికి వెళ్ళేది.

ఆ శ్రావ్య దగ్గరే మొదలైంది అసలు కథ.

వాళ్ళ తాతయ్య పోయినప్పుడు సుజాత దానికి, "తాతయ్య ఊరెళ్ళారు, వస్తారు" అని చెప్పింది. తప్పు పట్టను. ఆ వారంలో మేమెవరం ఏం చెప్పామో మాకే తెలియదు. కానీ చిన్నపిల్ల ఆ మాటని పట్టుకుంది. ఆయన రోజూ సాయంత్రం నడకకి వెళ్ళి, ఆరూ ఇరవైకి బన్ను పొట్లంతో లిఫ్ట్‌లోంచి దిగేవారు. శ్రావ్య రోజూ ఆరూ పదిహేనుకి వెళ్ళి లిఫ్ట్ ముందు నిలబడేది. తలుపు తెరుచుకుంటే ఎవరో ఒకరు దిగేవారు. చైనీస్ అత్తగారు, మలయ్ మామయ్య, పిజ్జా కుర్రాడు. దిగినవాళ్ళందరికీ తనేదో పలకరించడానికి వచ్చిందనుకునేలా "హలో అంకుల్, హలో ఆంటీ" అనేది. ఆరున్నరకి ఇంట్లోకి వచ్చి, "టుమారో లా" అని నాకు చెప్పేది. నాకు ధైర్యం చెప్పినట్టు.

ఇది ఫిబ్రవరిలో మొదలై డిసెంబరు దాకా సాగింది. నేను లెక్కల టీచర్ని, ఎవరి మొహమైనా చూసి తప్పు సమాధానాన్ని తప్పని చెప్పగలదాన్ని. దానికి మాత్రం చెప్పలేకపోయాను.

డిసెంబరు 2న ఇరవై రెండో భాగం టేపు వచ్చింది. జపాన్ వాళ్ళు ఒక్కొక్కటిగానే పంపేవారు, తర్వాతి కథ నాకు తెలిసేది కాదు. ఇందులో పిల్లల్ని కాపాడటానికి బొండాం అగ్నిపర్వతంలోకి దూకుతాడు. కళ్ళల్లో దీపాలు ఆరిపోతాయి. పిల్లలు సముద్రం ఒడ్డున ఏడుస్తారు. వాళ్ళ పక్కన లైట్‌హౌస్ కాపలా ముసలి తాత ఒకాయన ముప్ఫై నాలుగు సెకన్లు ఊరికే సముద్రాన్ని చూస్తూ నిలబడతాడు. ఆఖరున, వీపు మాత్రమే కనిపించే ఒక పిల్ల, "మళ్ళీ వస్తాడు" అనాలని టేపుతో వచ్చిన ఇంగ్లీషు కాగితంలో ఉంది.

చదువరులు కాస్త ఇక్కడ ఆగాలి. ఆ తాతకి గడ్డం ఉంది. మామూలు గడ్డం కాదు, పొట్ట దాకా వేలాడే గడ్డం. నోరు కనబడదు. నోరు కనబడకపోతే అక్షరాల లెక్క లేదు, ఎన్నయినా రాసుకోవచ్చు. ఆరు నెలలుగా కప్ప నోటికీ, కోతి నోటికీ అక్షరాలు కొలిచి పోస్తున్న మనిషికి, ముప్ఫై నాలుగు సెకన్ల ఖాళీ గడ్డం దొరికింది. ఎవరూ నన్ను ఆపలేకపోయేవారు.

"మళ్ళీ వస్తాడు" కొట్టేశాను. తాత చేత ఇలా చెప్పించాను.

"పోయినవాళ్ళు రారమ్మా. నీ మీద కోపం వచ్చి కాదు. నువ్వు అల్లరి చేశావని కాదు. రారు, అంతే. పదకొండో రోజున దీపం పెడతాం, వాళ్ళ వస్తువులు కావలసినవాళ్ళకి ఇచ్చేస్తాం. వాకిట్లో నిలబడి ఎదురు చూడకూడదు. చీకటి పడుతోంది, రా, అన్నం తిందువుగాని."

సరిగ్గా ముప్ఫై మూడు సెకన్లు. ఒక సెకను మిగిలింది కూడా.

డిసెంబరు 6, సోమవారం, మూడూ నలభైకి నసీమ్ ఈ కాగితం చదివింది. చదివి, గోడకి తగిలించిన తొమ్మిది నిబంధనల వైపు చూసింది.

"ఆంటీ, ఏడోది."

"తెలుసు."

"వెండిది వస్తది ఆంటీ. వెండి బొండాం. డబ్బాలు గోడౌన్‌ల దిగినయి, ఆరువేలు. వచ్చే భాగంల లేస్తడు."

"అయితే దీని తమ్ముడు అనుకుందాం. అన్న పోయాడు, తమ్ముడు వచ్చాడు. నేను రాస్తాగా."

"ఇది బొమ్మ ఆంటీ. మా దగ్గర కూడ పోయినోళ్ళు రారు. కని ఇది బొమ్మ."

అప్పుడు నేను తనకి లిఫ్ట్ సంగతి చెప్పాను. హలో అంకుల్, హలో ఆంటీ, టుమారో లా, అన్నీ. అంతవరకూ ఎవరికీ చెప్పలేదు. నసీమ్ మైకు పక్కన ఉన్న ఫొటోని చూసింది. తన కూతురికి కూడా ఎవరో రోజూ, అమ్మ వస్తుంది, వస్తుంది అని చెబుతూనే ఉంటారు కదా.

"టాన్‌కు తెలుగు రాదు. నేను సైన్ చేస్త తియ్యండి" అంది.

నాలుగూ ఐదుకి సంతకం పెట్టింది.

నాలుగు రోజుల తర్వాత టేపు తయారైంది. ఒక నకలు ఇంటికి తెచ్చి శ్రావ్యకి వేశాను. అది చివరిదాకా కదలకుండా చూసింది. అయిపోయాక నన్ను, "లైక్ తాతయ్య?" అని అడిగింది. అవునన్నాను. కాస్సేపు నా ఒళ్ళో పడుకుంది. ఆ సాయంత్రం ఆరూ పదిహేను అయింది, ఆరూ ఇరవై అయింది. అది బొమ్మలు వేసుకుంటూ కూర్చుంది. లిఫ్ట్ దగ్గరికి వెళ్ళలేదు. మర్నాడూ వెళ్ళలేదు. నా జీవితంలో నేను రాసిన మంచి వాక్యాలు అవేనని ఇప్పటికీ అంటాను. చేసిన పెద్ద పొరపాటు కూడా అదే, మిగతాది వినండి.

డిసెంబరు 13న ఇరవై మూడో భాగం వచ్చింది. తమ్ముడి కథ రాయడానికి కలం సిద్ధంగా పెట్టుకుని టేపు చూశాను. అగ్నిపర్వతంలోంచి వెండి బొండాం లేచాడు. లేస్తూనే పాత భాగాల్లో జరిగినవన్నీ తలుచుకున్నాడు. మొదటి భాగంలో కోతి కొరికిన మచ్చ మోకాలి మీద అలాగే ఉంది. అది కెమెరా దగ్గరగా చూపించారు, ఎనిమిది సెకన్లు. తమ్ముడి మోకాలికి అన్నగారి కోతికాటు ఎలా వస్తుంది? నేను రెండు రోజులు ఆలోచించాను. ఏ లెక్కకీ అందలేదు. ఇరవై రెండో భాగం టేపు అప్పటికే ఆంధ్రాకి విమానంలో వెళ్ళిపోయింది. చివరికి తలవంచుకుని, "నేనే, తిరిగొచ్చాను" అని రాశాను. నోరు ఏడుసార్లు తెరుచుకుంది, ఏడక్షరాలు సరిపోయాయి. నాకు ఏ ఆనందమూ కలగలేదు.

2000 జనవరి 2, ఆదివారం. కంప్యూటర్లేవీ తలకిందులు కాలేదు. హౌగాంగ్‌లో ఒక హాలు అద్దెకి తీసుకుని మిస్టర్ టాన్ ఇక్కడి తెలుగు కుటుంబాల పిల్లలకి ప్రదర్శన పెట్టాడు. ముందు ఇరవై రెండో భాగం, తర్వాత సమోసాలు, ఆ తర్వాత ఇరవై మూడు, అది అవ్వగానే పొగలోంచి సాక్షాత్తు వెండి బొండాం నడిచి వస్తాడు. పిల్లల సంతోషాన్ని వీడియో తీసి జపాన్‌కి పంపాలి. వెండి వేషం వేసుకోవడానికి అప్పలనాయుడు అనే అతన్ని కుదిర్చారు. శ్రీకాకుళం వైపువాడు, షిప్‌యార్డ్‌లో వెల్డింగ్ చేస్తాడు, ఆదివారం సెలవు. మనిషి పొట్టిగా గుండ్రంగా ఉంటాడు, వేషానికి దిండ్లు అక్కర్లేదన్నారు. అతనితో పాటు కుర్చీలు వేయడానికి షిప్‌యార్డ్ వాళ్ళు నలుగురు వచ్చారు.

పిల్లలు నలభై ఆరుగురు, వాళ్ళ చంకల్లో బొండాలు ముప్ఫై ఒకటి.

ఇరవై రెండు వేశారు. తాత మాట్లాడుతుంటే వెనక నిలబడ్డ తల్లులు ముక్కులు చీదుకున్నారు. మిస్టర్ టాన్ నా దగ్గరికొచ్చి, ఇంత బాగా ఏ భాషలోనూ ఏడవలేదని మెచ్చుకున్నాడు.

సమోసాల టైములో పిల్లలు గుంపుగా చేరి ఏదో మాట్లాడుకున్నారు. తర్వాత వరసగా వెళ్ళి, కుర్చీలు సర్దుతున్న షిప్‌యార్డ్ వాళ్ళ చేతుల్లో తమ బొండాలు పెట్టడం మొదలుపెట్టారు. ఒక పిల్ల చాలా మర్యాదగా చెప్పింది.

"టేక్ అంకుల్. వాళ్ళది ఇంట్లో కీప్ చెయ్యకూడదంట. యు గివ్ యువర్ చిల్డ్రన్."

ఆ నలుగురికీ పిల్లలు ఊళ్ళో ఉన్నారు. ముప్ఫై ఒక్క బొండాలు పట్టుకుని నిలబడిపోయారు. ఒకతను బొండాం పొట్ట పొరపాటున నొక్కాడు. "నేనున్నాగా" అంది. పిల్లలు రెండడుగులు వెనక్కి వేశారు.

మిస్టర్ టాన్ నసీమ్‌ని పిలిచి, సరుకు ఎందుకు వాపసు ఇస్తున్నారని అడిగాడు. నసీమ్ నా వైపు చూసింది. నేను సమోసా వైపు చూశాను.

తర్వాత ఇరవై మూడు వేశారు. అగ్నిపర్వతం బద్దలైంది. వెండి బొండాం లేచి, "నేనే, తిరిగొచ్చాను" అన్నాడు. చప్పట్లు లేవు. ఎవరూ కదల్లేదు. ముందు వరసలో ఒక పిల్లాడు పక్కవాడితో అన్నాడు, "దయ్యం లా."

సరిగ్గా అప్పుడే పొగ వదిలారు.

మీరే ఆలోచించండి. పోయాడన్నారు. పదకొండో రోజు దీపం పెట్టించారు. వస్తువులు దానం ఇప్పించారు. పద్ధతి ప్రకారం అంతా జరిగాక మళ్ళీ లేచి, మెరుస్తూ, పొగలోంచి చేతులు చాపుకుని వచ్చేవాణ్ణి మన ఇళ్ళల్లో ఏమంటారు? ఆ పిల్లలు సింగపూర్‌లో పుట్టారు, ఇంగ్లీషులో కలలు కంటారు, కానీ ఈ ఒక్క సంగతి వాళ్ళకి ఎవరూ నేర్పనక్కర్లేదు. నలభై ఐదుమంది ఒకేసారి లేచారు. కుర్చీలు పడ్డాయి. కొందరు తల్లుల చీరల్లో దూరారు, కొందరు బల్లల కింద, ఒకడు మిస్టర్ టాన్ కోటు లోపలికి దూరాడు. పాపం అప్పలనాయుడుకి ఆ వేషంలో ఒక కంటికే కన్నం ఉంది. ఏమీ కనబడక, ఏడుపు వినిపిస్తే సంతోషం అనుకుని, నేర్పిన మాట గట్టిగా అంటూ ఏడుపు ఎటు ఎక్కువగా ఉంటే అటు నడిచాడు. కెమెరా అతను అంతా తీశాడు. తీయమని చెప్పారు కనక తీశాడు.

పరిగెత్తనిది ఒక్క శ్రావ్య. అది పొగలోకి నడిచి వెళ్ళి, వెండి పొట్ట మీద చెయ్యి వేసింది.

"యు కమ్ బ్యాక్ ఆల్రెడీ. మా తాతయ్య ఎప్పుడొస్తారు?"

అప్పలనాయుడు ఆగిపోయాడు. మెల్లగా వేషం తల తీసి చంకలో పెట్టుకున్నాడు. లోపలి మొహం చెమటతో నిండిపోయి ఉంది. దాని ఎత్తుకి మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"నాకు తెల్దమ్మా" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "నానేటి తప్పు సేసేనండి?" అని అడిగాడు.

ఆ సాయంత్రం ఆరూ పదిహేనుకి శ్రావ్య చెప్పులు వేసుకుంది. ఇక చాలు, దాని సంగతి మళ్ళీ ఎత్తను. దానికి ఇప్పుడు ముప్ఫై దాటాయి, ఈ కథ చెప్పుకుని నవ్వుతుంది. నవ్వులో తాతయ్య పేరు వచ్చే చోట మాత్రం నీళ్ళు తాగడానికి లేస్తుంది.

ఆంధ్రా నుంచి వచ్చిన ఫాక్సులు కూడా అలాగే ఉన్నాయి. వెండి బొండాంని ఇంట్లోకి రానివ్వబోమని తల్లులు అంటున్నారు. పాత బొండాం అల్మారాలోంచి "నేనున్నాగా" అంటోందని ఒకావిడ దుకాణం దాకా వచ్చి గొడవ చేసింది. గుంటూరులో ఒకాయన పూజారిని పిలిపించాడట. వెండివి ఆరువేలలో పదకొండు అమ్ముడుపోయాయి. ఆ పదకొండుమంది కార్టూన్ చూడనివాళ్ళు అయి ఉండాలి.

ఏం జరిగిందని జపాన్ వాళ్ళు అడిగారు. మిస్టర్ టాన్ ఎవరి చేతనో తెలుగు మాటలు ఇంగ్లీషులో రాయించుకుని చదివాడు. జనవరి 11, మంగళవారం నసీమ్ నాకు ఫోను చేసి, సార్ పిలిచి మాట్లాడాడు, రేపు మళ్ళీ మాట్లాడతాడట అని మాత్రం చెప్పింది. గొంతు బాగాలేదు.

నేనూరుకోలేకపోయాను. తప్పు నాది, శిక్ష ఆ పిల్లకా? రాత్రంతా కూర్చుని నాలుగు పేజీల ఉత్తరం రాశాను. బడిలో విచారణలు జరిగినప్పుడు నా ఉత్తరాలకి మంచి పేరుండేది. ఎవరూ కాదనలేని ఉత్తరం రాశాను. నసీమ్ నిర్దోషి అని, ఆమె నన్ను ముందే హెచ్చరించిందని, తేదీలతో, టైములతో సహా నిరూపించాను. డిసెంబరు 6, మూడూ నలభై: నసీమ్ ఏడో నిబంధన చూపించింది. మూడూ నలభై రెండు: వెండి బొమ్మలు వస్తున్నాయని చెప్పింది. మూడూ నలభై ఐదు: నేను నా కుటుంబ కారణాలు చెప్పాను. నాలుగూ ఐదు: ఆమె నా మీద జాలితో సంతకం పెట్టింది. జనవరి 12, బుధవారం పొద్దున్నే మిస్టర్ టాన్ బల్ల మీద ఒకటి పెట్టి, న్యాయం పూర్తిగా జరగాలని జపాన్‌కి నేనే ఒక నకలు ఫాక్సు చేశాను.

మిస్టర్ టాన్ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాడు. కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. అప్పుడు చెప్పాడు. పనెక్కువై నసీమ్ ఆ మాటలు చూసుకోలేదని, కేవలం అజాగ్రత్త అని, ఒక హెచ్చరికతో సరిపెడతామని జపాన్‌కి రాయబోతున్నాడట. సగం రాసిన కాగితం అక్కడే ఉంది. వాళ్ళు ఒప్పుకునేవారట. అందరూ ఎప్పుడో ఒకసారి ఒక వాక్యం చూసుకోరు.

"బట్ నౌ," అన్నాడు, "షీ నో. షీ నో, అండ్ షీ సైన్." తెలిసే సంతకం పెట్టిందని. కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుని అడిగాడు. "ఆంటీ, వై యు రైట్ ద టైమ్?"

నన్ను తీసెయ్యమన్నాను. ఇరవై రెండేళ్ళ అనుభవంతో బతిమాలాను. నేను కంపెనీ మనిషిని కాదని, తీసెయ్యడానికి నేను లేనే లేనని చెప్పాడు. పోతూ పోతూ టీ తాగి వెళ్ళమన్నాడు.

జనవరి 31, సోమవారం నసీమ్ బల్ల సర్దుకుంటుంటే వెళ్ళాను. మైకు పక్కన ఫొటో తీసిన చోట గోడ రంగు కొత్తగా ఉంది. తనే అంది.

"టైము ఎందుకు రాసిన్రు ఆంటీ?"

"జరిగిందదే కదమ్మా."

నసీమ్ నవ్వింది. నిజంగానే నవ్వింది, నన్ను ఏడిపించడానికి కాదు.

"జరిగిందదే. నాలుగు ఐదుకే పెట్టిన. నేను కూడ గడియారం చూసిన ఆంటీ, మీరు తప్పు రాస్తరేమో అని."

తర్వాత నా ఎదుట నిలబడి, నా చీర కొంగు భుజం మీద సరిగ్గా వేసింది, బయట వానగా ఉంది తడుస్తుందని.

హైదరాబాదులో ఏడు నెలలు ఉద్యోగం వెతుక్కుని, దొరక్క, దుబాయ్‌లో ఒక దుకాణానికి వెళ్ళింది. పిల్ల మళ్ళీ అమ్మమ్మ దగ్గరే, తొమ్మిదేళ్ళు. ఏటా రంజాన్‌కి నాకు ఫోను చేస్తుంది. ఆయేషా పళ్ళ దగ్గర్నుంచి పెళ్ళి దాకా అన్నీ చెబుతుంది. ఆ జనవరి సంగతి ఎత్తదు. నేనూ ఎత్తను, ఇవాళ మీ దగ్గర తప్ప.

కనక డెబ్భై తొమ్మిదేళ్ళ వయసులో, పూర్తి స్పృహతో, చేతిలో స్టాప్‌వాచీ లేకుండా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట కొబ్బరిబొండాలకి, కప్పలకి, మరే ఇతర మరబొమ్మలకి నా చేతుల మీదుగా కర్మకాండ జరిపించను. గడ్డం ఎంత పొడుగ్గా ఉన్నా సరే, అందులో నా మాట పెట్టను. ఎవరినైనా కాపాడవలసి వస్తే, ముందు చేతి గడియారం విప్పి పొరుగింట్లో ఇచ్చి వస్తాను. అప్పటికీ చెయ్యి ఊరుకోకపోతే, ఉత్తరం బదులు ఉప్మా చేస్తాను.

పోయిన వాటి లెక్క ఇది.

పప్పు, ఒక గిన్నె.

వెండి బొండాలు, ఐదువేల తొమ్మిది వందల ఎనభై తొమ్మిది.

పర్మిట్ ఒకటి.

తల్లీకూతుళ్ళు ఒకే ఇంట్లో ఉండవలసిన సంవత్సరాలు, తొమ్మిది.